తూర్పు గోడకు సున్నం

ఒకప్పుడు మా చర్చి సంఘం కూడుకున్న గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్ల కవర్లు, చార్జర్లు అమ్ముతున్నారు. పోయిన డిసెంబరులో పెద్దమ్మను సమాధి చేసిన తర్వాత, బొంబాయి కామాటిపురలో, ఒంటి గదుల అద్దె భవనమైన చాల్‌లో ఆమె ఉన్న పాత ఖోలీ తాళంచెవి దాని యజమాని మనిషికి అప్పగించడానికి వెళ్ళాను. తిరిగి వస్తూ ఆ దుకాణం ముందు ఆగాను. లోపలి కుర్రాడు ఏ మోడల్ కావాలని హిందీలో అడిగాడు. అవసరం లేకపోయినా ఒక కవరు కొన్నాను, లోపల కాసేపు నిలబడడానికి. మూడు పక్కలా ప్లైవుడ్ కొట్టి కొక్కాలు బిగించారు. తూర్పు వైపు గోడ ఎట్లా ఉందో కనిపించలేదు. ఈ గది ఇంతకు ముందు ఏమిటో తెలుసా అని అడగబోయి మానుకున్నాను. అతను పుట్టకముందు సంగతి. చెప్పినా వినే తీరిక అతనికి ఉండదు.

పెద్దమ్మ అంటే మా నాయిన అన్న యాకోబు భార్య, సుందరమ్మ. వాళ్ళకు పిల్లలు లేరు. ఆమె చివరి ఏళ్ళు కల్యాణ్‌లో మా ఇంట్లోనే గడిచాయి. సమాధి దగ్గర మా ఇప్పటి సంఘం పాస్టరు, చిన్నవాడు, ఆమెను ప్రార్థనాపరురాలు అన్నాడు, శాంతమూర్తి అన్నాడు. మంచివాడే. ఆమెతో పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండడు. ప్రార్థన చేసేదన్నది నిజం. శాంతం సంగతి ఆమె వింటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆమెకు కోపం ఉండేది, బతికినంత కాలం ఉండింది. ఆ కోపంతో ఆమె ఏం చేసిందో చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది దాదాపు నేనే. అందుకని రాస్తున్నాను.

మేము పాలమూరు వైపు వాళ్ళం. మా తాతల కాలం నుంచి బొంబాయిలో ఇళ్ళు కట్టే పని. చాల్‌లో రెండో అంతస్తు, పొడుగాటి వరండా, ఒక చివర నల్లా, ఇంకో చివర మెట్లు, మధ్యలో వరసగా ఖోలీలు. మాది మెట్ల పక్కన, పెద్దమ్మ వాళ్ళది రెండు తలుపుల అవతల. తెల్లవారకముందే నల్లా దగ్గర బిందెల చప్పుడు మొదలయ్యేది. ఆ వెనకనే కిరసనాయిలు స్టవ్వుల వాసన, జొన్నరొట్టె కాలుతున్న వాసన, ఎవరింట్లోనో ఎండుచేప వేయిస్తే దాని వాసన అందరిళ్ళలోకీ వచ్చేది. నాయిన, పెద్దనాయిన ఒకే రొట్టెల మూట కట్టుకుని పనికి పోయేవాళ్ళు. అమ్మ నాగ్‌పాడాలో రెండు ఇళ్ళలో గిన్నెలు తోమేది. పెద్దమ్మ కట్టడాల మీద సిమెంటు తట్టలు మోసేది. సాయంత్రం వచ్చి, ఒంటి మీద దుమ్ము కడుక్కుని, నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వేది. ఆమె వేళ్ళు గరుకుగా ఉండేవి. ఆ వేళ్ళకు వెంట్రుకలు చిక్కుకుని లాగేస్తుంటే నేను అరిచేదాన్ని, ఆమె నెత్తిన ఒక మొట్టికాయ వేసి మళ్ళీ దువ్వేది.

చాల్‌లో ఎక్కువమంది హిందువులు. క్రైస్తవులం కొన్ని కుటుంబాలమే, అందరిదీ ఒకటే ఊరు. కింది అంతస్తులో మూలనున్న గదిని అద్దెకు తీసుకుని అందులోనే ఆరాధన చేసుకునేవాళ్ళం. అది చర్చి అని బయటివాళ్ళకు తెలియదు. పేరు కూడా రాసి లేదు. కానీ ఊళ్ళో మా చర్చి ఎట్లా నడిచేదో ఇక్కడా అట్లాగే నడవాలన్నది మా పెద్దల పట్టుదల. ఊళ్ళో చర్చి నేను సెలవుల్లో చూశాను. మట్టి గోడలు, పెంకుల కప్పు, బయట వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కే గంట. ఏడాది చివరి రోజున ఇంటికొక మనిషి వచ్చి గోడలకు సున్నం కొట్టాలి. పాత ఏడు గోడ మీద మిగలొద్దు అనేవాళ్ళు. మర్నాడు పొద్దున కొత్త సంవత్సరం ఆరాధన, ఆ ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల. మిగతా సంఘాలవాళ్ళు అర్ధరాత్రి కూడుకునేవాళ్ళు. ఊళ్ళో మాత్రం పొలాల నుంచి వచ్చి పడుకుని లేచి, పొద్దున స్నానాలు చేసి వచ్చేవాళ్ళు. బొంబాయిలో ఆ రాత్రి మా గల్లీల్లో తాగినవాళ్ళ సందడి ఎక్కువ కాబట్టి ఆ పొద్దుటి ఆరాధనే మాకూ కుదిరింది.

ఈ సున్నం పనిలో ఒక పద్ధతి ఉంది. ఏడాదిలో మాటలు మానుకున్నవాళ్ళు, తగాదా పడ్డవాళ్ళు ఎవరెవరో సంఘానికి తెలుసు. ఎక్కడా దాగదు కదా. సంఘం పెద్ద అట్లాంటి ఇద్దరికీ కలిపి ఒకే గోడ ఇస్తాడు. ఒకరు నిచ్చెన ఎక్కాలి, ఒకరు కింద పట్టుకోవాలి. క్షమాపణ చెప్పమని ఎవరూ అడగరు. గోడ పూర్తయితే తగాదా పూర్తయినట్టు. ఇద్దరిలో ఒకరు రాకపోతే ఆ గోడ ముట్టుకునే హక్కు ఇంకెవరికీ లేదు. మళ్ళీ ఏడాది చివరిదాకా అది అట్లానే మాసి ఉంటుంది. ఆ ఇద్దరికీ అప్పటిదాకా బల్లలో భాగం ఉండదు. తాపీ పని, మట్టి పని చేసుకునేవాళ్ళ మధ్య పుట్టిన పద్ధతి అది. ఎక్కినవాడి ప్రాణం పట్టుకున్నవాడి చేతుల్లో ఉంటుందని వాళ్ళకు ఎవరూ వివరించనక్కరలేదు.

పెద్దనాయిన ఒక వానాకాలంలో పోయాడు. ఒక పాత భవనానికి మరమ్మతు చేస్తున్నారు. పెద్దనాయిన నిచ్చెన మీద ఉన్నాడు, నాయిన కింద పట్టుకుని ఉన్నాడు. ముకద్దం ముందు వైపు నుంచి కేక వేశాడు. కూలివాళ్ళను కుదిర్చి పని చేయించేవాడు ముకద్దం, పిలిస్తే పోకపోతే మర్నాడు పని ఉండదు. నాయిన అన్నకు చెప్పాడో లేదో, చెబితే వానలో ఆయనకు వినబడిందో లేదో తెలియదు. నాయిన నిచ్చెన వదిలి మూల తిరిగి వెళ్ళాడు. తడి గచ్చు మీద నిచ్చెన కాళ్ళు జారాయి. నాయిన వెనక్కి పరుగెత్తి వచ్చేసరికే అంతా అయిపోయింది.

నిచ్చెనే విరిగిందని చెప్పమని పనివాళ్ళు నాయినకు చెప్పారు. నాయిన చెప్పలేదు. పెద్దమ్మ అడిగిన మొదటి మాటకే, "నేను ఇడ్సిపెట్టి పోయిన వదినె. ముకద్దం పిలిచిండు, పోయిన," అన్నాడు. ఆమె కాసేపు ఆయన ముఖంలోకి చూసి, "నువ్వు కింద ఉన్నవని ఎక్కిండు," అంది. ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు. ఏడ్చినా ఆయన ముందు ఏడవలేదు. వరండాలో ఎదురుపడితే గోడ వైపు తిరిగి నిలబడి ఆయన దాటాక కదిలేది. నన్ను మాత్రం వదలలేదు. సాయంత్రం దువ్వెన పట్టుకుని మా తలుపు బయటి నుంచే "రాయే" అని పిలిచేది. మా గడప లోపలికి అడుగు పెట్టేది కాదు. అమ్మ నాతో కూర పంపితే గిన్నె కడిగి ఖాళీగా తిప్పి పంపేది. మా వాళ్ళలో ఒకరి గిన్నెను ఖాళీగా పంపరు. చిటికెడు చక్కెరైనా వేసి పంపుతారు. అమ్మ ఆ ఖాళీ గిన్నె చేతిలో పట్టుకుని కాసేపు నిలబడేది.

ఆ డిసెంబరు చివరి రోజున నాయినకూ పెద్దమ్మకూ కలిపి తూర్పు గోడ ఇచ్చాడు సంఘం పెద్ద ఏలియా తాత. పెద్దమ్మ రాలేదు. నాయిన చీకటి పడేదాకా బకెట్ పక్కన కూర్చుని లేచి వచ్చాడు. తూర్పు గోడంటే బల్ల వెనకాల ఉండే గోడ. ప్రసంగం చెప్పేవాడి వెనక, అందరి కళ్ళకూ ఎదురుగా. ఆ ఏడాదంతా ప్రతి ఆదివారం మూడు గోడలు తెల్లగా, ఒక్కటి మాసి, వానాకాలంలో చెమ్మ మరకలు పడి, పైన పెచ్చులు లేచి మా ముందు ఉండింది. నాయిన వెనక వరసలో తల దించుకుని కూర్చునేవాడు. పెద్దమ్మ ఆడవాళ్ళ వైపు ముందు కూర్చుని ఆ గోడనే చూస్తూ పాడేది. ఆమె గొంతు గట్టిది. పాట ఆమె ఎత్తుకుంటేనే నడిచేది.

నాయిన మేస్త్రీ. అన్న పోయాక నిచ్చెన ఎక్కలేదు, ఎవరికీ పట్టనూ లేదు. నేల మీద సిమెంటు కలపడం, ఇసుక జల్లెడ పట్టడం, మేస్త్రీల కింద అందించే బిగారి పనులు చేశాడు. తోటివాళ్ళు ఒక్కరూ ఏమీ అనలేదు. కానీ ఎవరైనా నిచ్చెన ఎక్కబోతూ కిందికి చూసి, పట్టుకున్నది ఆయన కాదని తెలుసుకున్నాకనే ఎక్కుతున్నారని ఆయనే అమ్మతో చెప్పాడు. నిజమో, ఆయనకు అట్లా అనిపించిందో. ఇంట్లో మాట తగ్గిపోయింది. రేడియో పెట్టేవాడు కాదు. అన్నం ముందు కూర్చుని కలిపి కలిపి సగం వదిలేసేవాడు. అమ్మ మొదట్లో బతిమాలింది, తర్వాత తిట్టింది, ఆ తర్వాత ఆమె కూడా మాట్లాడడం తగ్గించింది. నేను అప్పుడు పదో తరగతి. పుస్తకం ముందు పెట్టుకుని వాళ్ళిద్దరూ ఏమీ మాట్లాడుకోకపోవడం వింటూ ఉండేదాన్ని.

రెండో డిసెంబరు వచ్చింది. ఊరి నుంచి మా పాత పాస్టరు, అయ్యగారు, వచ్చారు. పదవి దిగిపోయినా కొత్త సంవత్సరం బల్ల మాకు ఆయనే ఇచ్చేవారు. బస్సు దిగి, చేతిలో రేకు పెట్టె, భుజం మీద వేరుశెనక్కాయల సంచి, వరండా పొడుగునా ప్రతి తలుపు దగ్గర ఆగి ఊరి కబుర్లు చెబుతూ వచ్చేవారు. ఎవరి బర్రె ఈనింది, ఎవరి బావి ఎండింది, అన్నీ ఆయనకు గుర్తే. పెద్దమ్మ ఖోలీలో కూర్చుని కూడా అవే చెప్పారు. నాయిన ఊసు తేలేదు. మా ఇంటికి వచ్చి కూడా పెద్దమ్మ ఊసు తేలేదు. అమ్మకు కోపం వచ్చింది. "అయ్యగారూ, మీరన్న ఒక మాట చెప్పరాదుండ్రి?" అంది. ఆయన వేరుశెనక్కాయ ఒలుస్తూ, "నేను చెప్తే నా కోసం ఒస్తది బిడ్డా. నా కోసం ఒస్తే ఏం లాభం?" అన్నారు.

ఆదివారం ఆరాధన ముగిశాక ఏలియా తాత లేచి గోడలు పంచాడు. ఆయనకు కళ్ళు సరిగా కనిపించేవి కావు, వినికిడి బాగా ఉండేది. తూర్పు గోడ దానియేలుది, సుందరమ్మది అన్నాడు. నాయిన పేరు దానియేలు. పెద్దమ్మ కూర్చున్న చోటి నుంచే, "నా పేరెందుకు పెట్టినవ్ తాతా? పోయినేడు చెప్పిన గదా," అంది.

"పెట్టుడు నా కామ్. ఒచ్చుడు రాకపోవుడు నీ ఇష్టం."

"రానని చెప్తున్న గదా."

"ఇన్న. నాకు చెవులు మంచిగనే ఉన్నయ్. కండ్లే లెవ్వు. నాకైతే నాలుగు గోడలూ ఒక్కతీరుగనే కనపడతయ్," అన్నాడు తాత. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

ఆ మధ్యాహ్నం నాయిన అమ్మతో అన్న మాట నేను విన్నాను. "ఈ ఏడు గూడ గోడ గట్లనే ఉంటే నేను ఊరికి పోత. అక్కడ మట్టి పని చేస్కుంట. ఈడ నా మొఖం ఎవరికి చూపియ్యాలె?" మరి పిల్ల చదువు అని అమ్మ అడిగింది. "మీరిద్దరు ఉండుండ్రి. నేను పంపిస్త," అన్నాడు. ఆయన మాట అన్నాడంటే చేసేవాడు. నిచ్చెన విరిగిందని చెప్పనివాడు ఈ మాటా ఊరికే అనడు. పెద్దమ్మ గోడకు రాకపోతే మా ఇల్లు రెండు ముక్కలవుతుందని నాకు అర్థమైంది.

అమ్మ లేచి చీర సర్దుకుని పెద్దమ్మ తలుపు దగ్గరికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళి వరండాలో నిలబడ్డాను. పెద్దమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"అక్కా, నీ మొగుడు సచ్చిపోయిండు. నాకు తెల్సు. నా మొగుడు బతికుండి గూడ ఇంట్ల లేడు. అది నీకు తెల్సా?"

పెద్దమ్మ ఏరుతున్న చెయ్యి ఆపలేదు. "బతికుండుడు చిన్న సంగతా?" అంది.

అమ్మ గుమ్మానికి ఆనుకుంది. "ఊరికి పోతడంట," అంది. పెద్దమ్మ ఒక రాయి ఏరి బయటికి విసిరింది. అది నా కాళ్ళ దగ్గర పడింది. "పిల్ల చలిల నిలబడ్డది. తీస్కపో," అంది.

చివరి రోజు పొద్దున్నే కింది గదిలో పని మొదలైంది. సున్నం ముందు రోజే నానబెట్టారు. సున్నం రాళ్ళ మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి ముక్కు మండే ఒక వాసన వస్తుంది, ఆ వాసన వస్తే మాకు పండగ వచ్చినట్టు. అందులో బంక, ఉప్పు, ఇంత నీలిమందు కలిపి గుడ్డలో వడగట్టేవాళ్ళు. నిచ్చెన మాత్రం మాది కాదు. మా చాల్‌లోనే ఉండి గణపతి మండపం కట్టే నర్సింగ్ మామది. ఏటా ఆయనే తెచ్చి ఇచ్చేవాడు. "మీ దేవుని పని జల్ది చేసుకోండ్రి, నా దేవునికి భాద్రపదం దాక తొందర లేదు గాని నా పెండ్లాం అటక మీద సామాను దింపాలంటది," అనేవాడు.

మధ్యాహ్నం దాటేసరికి మూడు గోడలు అయిపోయాయి. నేల తుడిచే అమ్మాయిల్లో నేనూ ఉన్నాను. నాయిన తూర్పు గోడ కింద నిచ్చెన ఆనించి, బకెట్‌లో సున్నం మాటిమాటికీ కలుపుతూ నిలబడ్డాడు. కలపకపోతే అడుగుకు దిగిపోతుంది. పని అయిపోయినవాళ్ళు కూడా ఎవరూ వెళ్ళలేదు. కడిగిన కుంచెలు మళ్ళీ కడుగుతున్నారు. తాత తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని ఎవరి అడుగులు వినబడినా తల తిప్పుతున్నాడు.

పెద్దమ్మ పని నుంచి నేరుగా వచ్చింది. తలకు చుట్టిన గుడ్డ విప్పలేదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపి ఉన్నాయి, పాదాలు సిమెంటుతో తెల్లగా ఉన్నాయి. ఎవరినీ పలకరించకుండా గది దాటి తూర్పు గోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది. నాయిన తల ఎత్తలేదు. కుంచె తీసుకుని నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. ఆమె కింద పట్టుకుంటుందని ఆయనా అనుకున్నాడు, మేమూ అనుకున్నాం. పద్ధతి అదే. మగవాడు ఎక్కుతాడు.

"దిగు," అంది పెద్దమ్మ. ఏడాదిన్నర తర్వాత ఆయనతో ఆమె అన్న మొదటి మాట. "నేనెక్కుత. నువ్వు పట్కో."

నాయిన దిగాడు. చేతిలోని కుంచె ఇవ్వలేదు. "వదినె, నేను..." అని ఆగిపోయాడు.

తలుపు దగ్గర నుంచి తాత, "సుందరమ్మా, ఆడమనిషి నిచ్చెన ఎక్కుడు మన దాంట్ల..." అన్నాడు.

"తల మీద తట్ట పెట్కొని ఏడంతస్తులు ఎక్కితే ఏ తాత ఒద్దనలే. ఈ గోడకు ఒద్దంటున్నవా?"

ఆమె నాయిన చేతిలో నుంచి కుంచె లాక్కుంది. ఒక చేత్తో బకెట్ పట్టుకుని ఎక్కింది. నాయిన రెండు చేతులా నిచ్చెన పట్టుకున్నాడు. తర్వాత ఒక కాలు కింది మెట్టుకు అడ్డంగా పెట్టి, ఛాతీ ఆనించి, నిచ్చెనను కావలించుకున్నట్టు నిలబడ్డాడు. నిచ్చెన కదలలేదు.

పెద్దమ్మకు కుంచె పట్టడం రాదు. సున్నం ఎక్కువ ముంచి గోడ మీద కొడుతోంది, సగం కిందికి కారుతోంది. కారిన సున్నం నాయిన తల మీద, నుదుటి మీద, కళ్ళలో పడింది. సున్నం కంట్లో పడితే ఎట్లా మండుతుందో ఆ పని చేసినవాళ్ళకు తెలుసు. తుడుచుకోవడానికి ఆయన చెయ్యి తియ్యలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని అట్లానే నిలబడ్డాడు. అమ్మ ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది.

అప్పుడు బయట నుంచి నర్సింగ్ మామ గొంతు వినిపించింది. ఆయనకు లోపల జరిగేది తెలియదు. "దానేలూ! అరె దానేలూ! జర బయటికి రా. నీ ముకద్దం వచ్చిండు. రేపు ఎల్లుండి పని ఉందంట, జల్ది రమ్మంటుండు!"

పైన కుంచె ఆగింది. పెద్దమ్మ కిందికి చూడలేదు. గోడ వైపు ముఖం పెట్టుకునే, "దానేలూ, పిలుస్తుండ్రు," అంది.

"పిలువనియ్ వదినె."

"పని పోతది."

"పోనియ్."

బయట మామ ఇంకోసారి కేక వేశాడు. తాత తలుపు దగ్గర నుంచే, "లేడని చెప్పు నర్సింగా! దానేలు ఈడ లేడు, పని మీద ఉన్నడు!" అని అరిచాడు. ఆ తర్వాత కుంచె మళ్ళీ కదిలింది. అంత చిన్న గోడకు పట్టాల్సినదానికంటే ఎక్కువ సేపే పట్టింది. ఆమె మధ్యలో రెండుసార్లు దిగి నిచ్చెన జరిపించి మళ్ళీ ఎక్కింది. చివరికి పాదాలు నేలకు ఆనాక బకెట్ కింద పెట్టి నాయిన ముఖం చూసింది. కళ్ళు మిరపపండ్లలా ఉన్నాయి. "కండ్లు కడుక్కోపో. గుడ్డోళ్ళు సంఘంల ఒక్కరుంటే సాలు," అంది. తాత పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుతో అందరూ ఒక్కసారి మాట్లాడడం మొదలుపెట్టారు. అమ్మ నాయినను చెయ్యి పట్టుకుని నల్లా దగ్గరికి తీసుకుపోయింది. సున్నం ఆరాక ఆ గోడ మిగతా మూడింటికంటే ఎంత వికారంగా ఉందో తెలిసింది. ఒక చోట దట్టం, ఒక చోట పలుచన, నిలువునా చారలు. అయ్యగారు సాయంత్రం వచ్చి చూసి, "గోడ మీద మేకలు పోట్లాడుకున్నట్టున్నయ్," అన్నారు.

మర్నాడు పొద్దున గది నిండిపోయింది. తల స్నానాల తడి, కొబ్బరినూనె, కొత్త చీరల గంజి వాసన, వాటి అడుగున ఇంకా తడిగా సున్నం వాసన. బల్ల మీద తెల్లగుడ్డ, దాని కింద ఇరానీ బేకరీ రొట్టె, ఎండుద్రాక్ష ఉడికించి వడగట్టిన రసం. అయ్యగారు ఎప్పటిలాగే అడిగారు, ఎవరికన్నా ఎవరిమీదన్నా మనసులో ఏమన్నా ఉంటే ఇప్పుడు చెప్పండ్రి అని. అది అడగడమే తప్ప ఎవరూ లేచి చెప్పేది ఉండదు. గోడలు అయిపోయాక ఇంకేముంది. కానీ పెద్దమ్మ లేచింది.

"అయ్యగారూ, నేను మాఫ్ చేసిన అని చెప్పలేను. అబద్ధమైతది. నాకింకా కోపం ఉన్నది. నిన్న నిచ్చెన మీద గూడ ఉన్నది. రేపు గూడ ఉంటదేమో. గాని ఆయనకు రొట్టె ఇయ్యుండ్రి. నాగ్గూడ ఇయ్యుండ్రి. ఆకలైతున్నది."

అయ్యగారు బల్ల మీది తెల్లగుడ్డ మెల్లగా మడిచారు. ఆయన చదువుకున్న పద్ధతిలో ఇది సరిపోతుందో లేదో ఆలోచించి ఉంటారు. తర్వాత రొట్టె విరిచి, ముందు ఆమెకు ఇచ్చి, రెండో ముక్క ఆమె చేతిలోనే పెట్టి వెనక వరస వైపు చూపించారు. ఆమె మనుషుల మధ్యలో నుంచి నడిచి వెళ్ళింది. నాయిన లేచి నిలబడి రెండు చేతులూ చాపాడు. ఎర్రబడిన కళ్ళు ఇంకా సగమే తెరుచుకుంటున్నాయి. ఆయన ఏడ్చాడో, సున్నం మంటకు నీళ్ళు కారాయో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

నాయిన ఊరికి పోలేదు. ఆ ముకద్దం పని పోయింది, వేరే ముకద్దం దగ్గర దొరికింది. నిచ్చెన ఎక్కడానికి ఇంకొన్ని నెలలు పట్టింది. ఆయన పట్టుకుంటేనే ఎక్కుతామనే మనుషులు కూడా తర్వాత తర్వాత వచ్చారు. పెద్దమ్మ కోపం ఆమె చెప్పినట్టే అప్పుడప్పుడు వచ్చేది. వాన గట్టిగా పడే రోజుల్లో ఆయనతో మాట్లాడేది కాదు. ఆయనా ఎందుకని అడిగేవాడు కాదు. వాన వెలిశాక మళ్ళీ పలకరించేది.

ఇప్పుడు మా సంఘానికి పెద్ద హాలు ఉంది. గోడలకు మంచి రంగు వేయడానికి కాంట్రాక్టరు వస్తాడు. డిసెంబరు చివరి రాత్రి తెర మీద పాటల మాటలు పడతాయి, పన్నెండు కాగానే కేకు కోస్తారు, అందరూ అందరికీ చేతులు కలుపుతారు. ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో నాకు తెలియదు, నాతో ఎవరు మాట్లాడడం లేదో వాళ్ళకు తెలియదు. అప్పటిదే మంచి పద్ధతి అని తేల్చి చెప్పలేను. భర్త పోయిన మనిషిని నలుగురి ముందు నిలబెట్టి, నీ గోడ ఇంకా మాసి ఉంది అని ఏడాదంతా చూపించడం న్యాయమా అని చాలాసార్లు అనుకున్నాను. ఒకసారి పెద్దమ్మనే అడిగాను. "న్యాయం గాదు," అంది వెంటనే. "గాని ఆ గోడ లేకపోతే నేను మీ ఇంటికి ఏ మొఖం పెట్టుకొని ఒస్తుంటి?" అంది. ఆమె పోయిన దుఃఖం నాకు ఉంది. దానితోపాటు ఒక ఊరట కూడా ఉంది. నాయిన చనిపోయినప్పుడు ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నవాళ్ళలో ఆమె ఉంది. ఆమె చనిపోయినప్పుడు ఆమె తల నా ఒడిలో ఉంది. అది ఇట్లా జరగకుండా పోయే అంచుదాకా వచ్చామని నాకు తెలుసు.

ఆ కొత్త సంవత్సరం మధ్యాహ్నం పెద్దమ్మ మా గడప దాటి లోపలికి వచ్చింది. చాప మీద నాయిన పక్కన చోటు విడిచి, గోడకు ఆనుకుని కూర్చుంది. అమ్మ మాంసం కూర వండింది. తన వంటకు వంక పెడితే అమ్మ ఊరుకునేది కాదు, సొంత తల్లి పెట్టినా ఊరుకోలేదు. పెద్దమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, "ఉప్పు తక్కువైంది," అంది. నేనూ నాయినా అమ్మ వైపు చూశాం. అమ్మ లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి, మూత తీసి, ఆమె ముందు పెట్టింది.